తల అడ్డంగా ఊపిన ఎద్దు

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, ఒక నూనె గానుగ ఉండేది. అడవిలో గానుగ ఎవరు పెట్టారని అడుగుతారు మీరు. ఎలుగుబంటి పెట్టింది. ఎలుగుబంటికి గానుగ ఎందుకని కూడా అడుగుతారు. అడగండి, మంచిదే. మీ వయసులో నేను ఏదీ అడగలేదు. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ దారిలో దొరికినవే.

సరే, ఆ ఎలుగుబంటి పేరు గవరయ్య. అందరూ ఆయన్ని షావుకారు గారనేవారు. గానుగ తిప్పే ఎద్దు పేరు బూరయ్య.

బూరయ్యది గంగిరెద్దుల వంశం. వాళ్ళ తాత తల ఊపాడు. నాన్న తల ఊపాడు. బూరయ్య కూడా కుర్రతనంలో ఇంటింటికీ తిరిగి, "అమ్మగారు చల్లగా ఉండాలా?" అంటే ఊపాడు. "అయ్యగారు పాత పంచె ఇస్తారా?" అంటే ఊపాడు. ఊపీ ఊపీ మెడ నొప్పెట్టి అడవికి వచ్చేశాడు. ఊళ్ళు వదిలాడు గానీ ఊపడం వదల్లేదు.

కళ్ళకు గంతలు కట్టుకుని పదకొండేళ్ళు గానుగ చుట్టూ తిరిగాడు. కళ్ళతో పని లేకపోయేసరికి చెవులూ ముక్కూ పదునెక్కాయి. నువ్వులు ఎప్పుడు చితుకుతున్నాయో, నూనె ఎప్పుడు దిగుతోందో, పిండి ఎప్పుడు మాడబోతోందో ఆయనకు ఇట్టే తెలిసేది.

ఒకరోజు షావుకారు ఒక ఇనుప మర తెచ్చాడు. దానికి మూడు దీపాలు, రెండు మీటలు, ఒక గుండ్రటి అద్దం, అద్దంలో వేడి చూపే ఒక ముల్లు. మర లోపల ఏం తిరుగుతుందో మాత్రం నన్నడక్కండి. నాకు చెప్పిన మెకానిక్కు బాగానే చెప్పాడు. నేనే తల ఊపి ఇంటికి వచ్చేశాను.

షావుకారు అందరినీ పిలిచాడు.

"చూడండర్రా! కొత్త నువ్వులు వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. ఇక కర్ర గానుగ ఆడదు. మర ఆడుతుంది. పంతులమ్మను పిలిపించాను. మూడు రోజులు, రోజుకో గంట, పని వేళలోనే పాఠం. మేతలో కోత లేదు. నేర్చుకుంటే మీ చోటు మీదే. నేర్చుకోకపోతే కొండ అవతల నుంచి పని తెలిసినవాళ్ళను తెచ్చుకుంటాను. తర్వాత నన్ను అనొద్దు."

గానుగ ఆగిపోతే ముందు పోయేది బూరయ్య పనే. ఆ వాగు, ఆ నువ్వుల వాసన, పక్కన గోల చేసే గాడిద ఓబులమ్మ. ఆయన లోకమంతా అదే. అది వదిలి ఈ వయసులో ఎక్కడికి పోవాలి? అయినా అలవాటుగా తల ఊపాడు.

పంతులమ్మ అంటే గోరింక. పట్నంలో మరలు అమ్మే కొట్టు చూరులో పుట్టి పెరిగింది. మర పుస్తకం మొత్తం కంఠతా వచ్చు.

మొదటిరోజు దీపాల పాఠం. "పసుపు వెలిగితే కాసేపు ఆగి చూడాలి. పచ్చ వెలిగితే బిగించాలి. ఎరుపు వెలిగితే ఆపెయ్యాలి. అర్థమైందా?"

బూరయ్య తల ఊపాడు. ఆయన వెనక కూర్చున్న ఓబులమ్మ ఊపింది. ఆమె వెనక కుందేళ్ళు ఊపాయి.

రెండోరోజు మీటల పాఠం. "కుడిది దించితే బిగుస్తుంది. ఎడమది ఎత్తితే ఆగుతుంది. అర్థమైందా?"

బూరయ్య ఊపాడు. ఓబులమ్మ ఊపింది. కుందేళ్ళు ఊపాయి.

మూడోరోజు ముల్లు పాఠం. అది గంట సేపు సాగింది. "అర్థమైందా?"

ఈసారి కుందేళ్ళు అడక్కముందే ఊపాయి.

గోరింక మురిసిపోయింది. "షావుకారు గారూ, నేను చాలామందికి చెప్పాను. ఇంత చురుకైన క్లాసు చూడలేదు. అందులోనూ బూరయ్య గారు! ఒక్క అనుమానం అడిగితే ఒట్టు!"

"అయితే రేపే పరీక్ష," అన్నాడు షావుకారు.

సాయంత్రం వాగు దగ్గర నీళ్ళు తాగుతూ ఓబులమ్మ అడిగింది. "బూరయ్య మావా, ఆ ముల్లు ఎటు తిరిగితే ఏమిటో కాస్త చెప్పు."

బూరయ్య తల ఊపాడు.

"ఊపమనలేదు, చెప్పమన్నాను."

"తెలిస్తేగా చెప్పడానికి!"

"అయ్యో రామా! మరి మూడు రోజులూ ఊపావేం?"

"ఏం చెయ్యను ఓబులమ్మా? మా వంశంలో తల నిలువుగానే ఊగుతుంది. అడ్డంగా ఊపిన మొగాడు లేడు."

"బాగుంది! పెద్దవాడివి, నీకు తెలిసే ఉంటుందని నేనూపాను. నన్ను చూసి కుందేళ్ళు ఊపాయి. రేపు పరీక్షలో ఏం చేస్తావు?"

"ఇంకోసారి ఊపుతాను."

"మర ముందా? మావా, మరకు తల ఊపితే అదేమన్నా పాత పంచె ఇస్తుందా?"

బూరయ్య నీళ్ళు తాగకుండానే వెనక్కి తిరిగాడు.

మర్నాడు పొద్దున్నే అందరూ మర చుట్టూ చేరారు. ముందుగా కోసిన కొత్త నువ్వులు నాలుగు గంపలు వచ్చాయి. అడవిలో అందరి ఇళ్ళలో పోపుకీ దీపానికీ అవే దిక్కు.

"బూరయ్యా, పంతులమ్మ నీ గురించి ఒకటే పొగడ్త," అన్నాడు షావుకారు. "మర నీకు అప్పగిస్తున్నాను. అంతా అర్థమైనట్టేగా?"

బూరయ్య తల కిందికి కదిలింది. సగం దిగింది. అక్కడ గంపల్లో నువ్వులు కనిపించాయి. తల పూర్తిగా దించితే చోటు దక్కుతుంది, నువ్వులు మాడతాయి. దించకపోతే నువ్వులు దక్కుతాయి, చోటు పోతుంది.

తల అక్కడే ఆగింది. తర్వాత మెల్లగా పక్కకు తిరిగింది. మెడ పటుక్కుమంది. అయినా ఇటోసారి, అటోసారి, మళ్ళీ ఇటోసారి తిప్పాడు.

"లేదు షావుకారు గారూ. నాకు అర్థం కాలేదు. మొదటిరోజే అర్థం కాలేదు."

గోరింక రెక్కలు జారేసింది. "మరి రోజూ తల ఊపారు కదండీ!"

"అది తల చేసిన పని పంతులమ్మగారూ. నన్నడిగి చెయ్యలేదు."

షావుకారు గుర్రుమన్నాడు. "నేను ముందే చెప్పాను బూరయ్యా. కొండ అవతలికి కబురు పంపక తప్పదు."

"పంపండి. కానీ పోయేముందు ఒక్క మాట అడగనివ్వండి. పంతులమ్మగారూ, ఎర్ర దీపం వెలిగేటప్పుడు వాసన ఎలా ఉంటుంది?"

గోరింక మర పుస్తకం గబగబా తిరగేసింది. "వాసనా? పుస్తకంలో వాసన లేదు." తనూ తల అడ్డంగా ఊపింది. "నిజం చెప్పాలంటే నాకు తెలియదు. నేనెప్పుడూ నూనె తీసి చూడలేదు. పిండి మాడబోయే ముందు అది వెలుగుతుందని మాత్రం తెలుసు."

బూరయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. "మాడబోయే ముందా? అప్పుడు ముక్కులో కారంగా తగులుతుంది. గానుగ రోకలి కీచుమంటుంది. నేను ఆగేది అక్కడే!"

"అదేనండీ ఎరుపు!"

"మరి పచ్చ?"

"నూనె దిగడం మొదలైనప్పుడు."

"అంటే జుర్రుజుర్రుమన్నప్పుడు! అయితే పసుపు, నువ్వులు పటపటా చితికేటప్పుడన్నమాట. ఓసి దీని దుంప తెగ! ఈ మూడు దీపాలూ ఇన్నేళ్ళుగా నా ముక్కులోనే వెలుగుతున్నాయా?"

అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వులో ఓబులమ్మ చెవులెత్తి అరిచింది. "నాకు ముల్లు అర్థం కాలేదు!"

"మాకు మీటలు అర్థం కాలేదు!" అన్నాయి కుందేళ్ళు.

అందరూ షావుకారు వైపు చూశారు, ఇక ఉరుముతాడేమోనని. గవరయ్య గొంతు సవరించుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. చెవి గోక్కున్నాడు.

"నాకు ఏదీ అర్థం కాలేదర్రా. మర అమ్మినవాడు ఒక పూటంతా చెప్పాడు. షావుకారునై ఉండి ఏమడుగుతాంలే అని తల ఊపి తెచ్చేశాను. పంతులమ్మా, మళ్ళీ మొదటి నుంచి చెప్పు. వారం రోజులు తీసుకో. కొండ అవతలికి కబురూ వద్దు, ఏమీ వద్దు. నేనూ కూర్చుంటాను."

వెళ్ళి కుందేళ్ళ వెనక కూర్చున్నాడు. ఆయన ముందు కూర్చుంటే ఎవరికీ ఏమీ కనిపించదు మరి.

ఈసారి పాఠం వేరుగా సాగింది. బూరయ్య కర్ర గానుగ తిప్పుతూ, "ఇదిగో, పచ్చ!" అనేవాడు. అందరూ చెవి పెట్టి వినేవారు. తర్వాత గోరింక అదే పచ్చని మరలో చూపించేది. "అర్థమైందా?" అనడం మానేసింది. "ఎక్కడ అర్థం కాలేదు?" అని అడిగేది. మొదటిరోజు ఆ ప్రశ్నకు సగం పూట పట్టింది. షావుకారుకు అర్థం కానివే ఎక్కువ.

వారం తిరిగేసరికి మిగతా నువ్వులూ వచ్చాయి. గంతలు లేకుండా బూరయ్య మర ముందు నిలబడ్డాడు. పసుపు వెలిగింది, ఆగి చూశాడు. పచ్చ వెలిగింది, కుడి మీట దించాడు. నూనె సన్నగా, తేనె రంగులో దిగింది. ఉన్నట్టుండి ఆయన ఎడమ మీట ఎత్తేశాడు.

"ఎర్ర దీపం వెలగలేదుగా?" అన్నాడు షావుకారు.

"వెలుగుతుంది, చూస్తూ ఉండండి," అన్నాడు బూరయ్య.

రెండు రెప్పపాట్ల తర్వాత ఎర్ర దీపం వెలిగింది. అప్పటికే మర ఆగిపోయి ఉంది. షావుకారు వేలితో నూనె తీసి నాకి చూశాడు. ఇంకోసారి నాకాడు. మూడోసారి నాకబోతే ఓబులమ్మ కుండ పక్కకు జరిపింది.

"ఇవాళ్టి నుంచి మర మేస్త్రీ మన బూరయ్యే!" అని ప్రకటించాడాయన.

గోరింక ఆ సందడిలో లేదు. మర మీద కూర్చుని పుస్తకం తెరిచింది. ఎర్ర దీపం బొమ్మ పక్కన ఖాళీ చోటు చూసుకుని, ముక్కుతో పొందిగ్గా రాసుకుంది: "దీనికి ముందు ముక్కులో కారంగా తగులును. బూరయ్య గారు చెప్పగా నేర్చుకున్నది."

నీతి: ఎంత పెద్దవాడైనా, ఎన్నేళ్ళు పని చేసినా, తెలియనిదాన్ని తెలియదని చెప్పినవాడికే అది నేర్చుకునే దారి దొరుకుతుంది.