నవ్వు చూడని పళ్ల డాక్టరు

చీరాలలో పినాకపాణి అనే పళ్ల డాక్టరు ఉండేవాడు. చేతిలో ఎంత నేర్పు ఉండేదో, ఎవరైనా రెండో ప్రశ్న అడిగితే ఆయనకు అంత ఒళ్లు మండేది.

పన్ను పోయినచోట దవడ ఎముకలో చిన్న మర బిగించి, దాని మీద కొత్త పన్ను నిలబెట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాళ్లు లేరు. ఎముకలో ఉన్న మరకూ పైన కనబడే పన్నుకూ మధ్య వేలి గోరంత ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని అబట్‌మెంట్ అంటారు. చిగురులో దాగి ఉండి పన్నును మోసేది అదే. లోహంతో చేసిందీ దొరుకుతుంది, పింగాణీలా తెల్లగా ఉండేదీ దొరుకుతుంది. పినాకపాణి మాత్రం వచ్చినవాళ్లందరికీ లోహపుదే వేసేవాడు. "ఇన్నేళ్లలో ఒక్కటీ విరగలేదు. ఇంక ఆలోచించేదేముంది?" అనేవాడు.

ఆ ముక్కల్నీ, పళ్లనీ ఒంగోలులో మీరావలి అనే పనివాడు తయారుచేసి పంపేవాడు. ముందు పన్ను కొలతలు వచ్చాయంటే చాలు, ఫోను చేసేవాడు.

"డాక్టరు గారూ, ఈ పేషెంటు నవ్వితే చిగురు కనబడుతుందా అండి?"

"నేను పన్ను చెయ్యమన్నాను. చిగురుతో నీకేం పని?"

"చిగురు పలచగా ఉండి, నవ్వినప్పుడు బయటపడే వాళ్లకి లోహం నీడ కొడుతుందండి. నవ్వుతున్న ఫోటో ఒకటి పంపితే చూసి చేస్తాను."

"నా దగ్గరికి పన్ను కోసం వస్తారు మీరావలీ, ఫోటోలు దిగడానికి కాదు" అని పినాకపాణి ఫోను పెట్టేసేవాడు. మీరావలి పంపే కాగితంలో 'నవ్వు' అని ఒక గడి ఉండేది. డాక్టరు అందులో అడ్డంగా గీత గీసి పంపేవాడు. మూడేళ్లుగా ఆయన గీత మానలేదు, అతను అడగడం మానలేదు.

ఒకరోజు సువర్చల అనే టీచరు వచ్చింది. ఊరి బయట ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతికి పాఠాలు చెప్పేది. గేదె అడ్డం వస్తే స్కూటరు మీద నుంచి పడి, పైవరుసలో ముందు పన్ను పోగొట్టుకుంది. పినాకపాణి విరిగిన వేరు తీసి, మర బిగించి, ఎముక పట్టుకునేదాకా నాలుగు నెలలు ఆగమన్నాడు. ఆ నాలుగు నెలలూ ఆమె ఎప్పుడు వచ్చినా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చునేది. ఆమె నవ్వు ఎలా ఉంటుందో డాక్టరు ఒక్కసారీ చూడలేదు. చూడాలని ఆయనకు తోచనూ లేదు.

కొలతలు తీసే రోజున ఆమే చెప్పబోయింది. "డాక్టరు గారూ, నేను నవ్వితే చిగుళ్లన్నీ బయటికి వచ్చేస్తాయండి. చిన్నప్పటి నుంచీ అంతే. మరి దానికేమైనా..."

"నోరు తెరవండి."

"అది కాదండీ, ఒక్క మాట..."

"తెరవండమ్మా. మీరు మాట్లాడుతూ ఉంటే నేను కొలత ఎలా తీసుకోను? బయట పదకొండు మంది కూర్చున్నారు."

ఆమె నోరు తెరిచింది. చెప్పదలచుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది.

పన్ను అచ్చంగా కుదిరింది. పక్క పన్నుతో పోల్చి చూస్తే ఏది సొంతమో ఏది పెట్టిందో తెలిసేది కాదు. అద్దంలో చూసుకుని సువర్చల చిన్నగా నవ్వి, దండం పెట్టి వెళ్లింది.

వారం తిరక్కుండానే మళ్లీ వచ్చింది. "పన్ను బాగుందండీ. దాని పైన చిగురు బూడిద రంగులో కనబడుతోంది."

పినాకపాణి పెదవి ఎత్తి చూశాడు. చిగురు ఉల్లిపొరలా పలచగా ఉంది. లోపలి లోహం నీడ బయటికి తెలుస్తోంది. "ఇంత చిన్న నీడ ఎవరికి కనబడుతుంది?" అని పంపేశాడు. పది రోజుల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. "రంగు సర్దుకుంటుంది" అన్నాడు. లోహం రంగు మారదని ఆయనకు తెలుసు. మూడోసారి ఆమె గుమ్మంలో కనబడగానే ఆయనకు విసుగు నెత్తికెక్కింది.

"టీచరు గారూ, పన్ను కదులుతోందా?"

"లేదండీ."

"నొప్పి ఉందా?"

"లేదండీ."

"జామకాయ కొరకగలుగుతున్నారు కదా. ఇంకేం చెయ్యమంటారు నన్ను? ఆ నీడ కనబడకూడదంటే కొంచెం తక్కువగా నవ్వండి."

సువర్చల సంచి తీసుకుని బయటికి నడిచింది. ఆ తర్వాత ఆమె రాలేదు. పీడ వదిలిందనుకుని పినాకపాణి ఊపిరి పీల్చుకున్నాడు.

రెండు నెలలు గడిచాయి. బడి పిల్లల పళ్లు పరీక్ష చెయ్యాలని మండలం నుంచి కబురు వచ్చింది. ఉన్న పని చాలక ఇదొకటా అని గొణుక్కుంటూ ఆయన బయలుదేరాడు. అది సువర్చల పనిచేసే బడి అని ఆయనకు గుర్తు లేదు.

రెండో తరగతి పిల్లల ముందు సున్నపు దవడ బొమ్మ పెట్టి, బ్రష్షు ఎలా పట్టుకోవాలో చూపిస్తున్నాడు. అంతలో ఆ బొమ్మలోంచి దంతం ఒకటి ఊడి, దొర్లుకుంటూ పోయి బల్ల కిందికి చేరింది. డాక్టరు దాని కోసం వంగాడు. పిల్లలు ఒక్కసారిగా నవ్వారు. ఆయన తలెత్తి చూస్తే, తరగతి తరగతంతా అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"చేతులు తియ్యండి. పళ్లు కనబడితేనే కదా నేను చూసేది?"

తీశారు. మళ్లీ నవ్వొచ్చింది. మళ్లీ చేతులు పైకి లేచాయి. మూడుసార్లు చెప్పి విసిగిపోయి, ముందు వరుసలో ఉన్న పాపను అడిగాడు. "ఎందుకమ్మా నోరు మూసుకుంటున్నావు?"

"అలాగే నవ్వాలి కదండీ."

"అలా అని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. మా టీచరు అలాగే నవ్వుతారు."

పినాకపాణి తిరిగి చూశాడు. వెనక గోడ దగ్గర సువర్చల నిలబడి ఉంది. ఆమె చెయ్యి నోటి మీద ఉంది. ఆయన చూపు తగలగానే ఆమె తల దించుకుంది.

బయటికి వస్తుంటే ప్రధానోపాధ్యాయురాలు మామూలుగానే అంది: "మా సువర్చల కథ చెబుతుంటే పక్క తరగతి వాళ్లు కూడా కిటికీల దగ్గరికి వచ్చేవాళ్లండీ. రాక్షసుడిలా నవ్వేది, ముసలమ్మలా నవ్వేది. ఈ మధ్య ఎందుకో కథలే మానేసింది."

ఆ రోజంతా పినాకపాణికి మనసు మనసులో లేదు. ముందు సువర్చల మీద కోపం వచ్చింది, గట్టిగా అడగొచ్చు కదా అని. ఆమె నాలుగుసార్లు అడిగిందని గుర్తొచ్చింది. తర్వాత మీరావలి మీద వచ్చింది. అతను మూడేళ్లుగా అడుగుతున్నాడు. చివరికి ఆ కోపానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు.

మర్నాడు ఆయనే ఫోను చేశాడు.

"వద్దులెండి డాక్టరు గారూ, అలవాటైపోయింది" అంది సువర్చల.

"మీకు అలవాటైంది. పిల్లలకి కూడా అవుతోంది. తప్పు నాది. ఒక్కసారి రండమ్మా."

ఆమె వచ్చింది. ఆయన ఫోను కెమెరా తెరిచి "నవ్వండి" అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఆయన ఒక హాస్య కథ మొదలుపెట్టి, చివర మర్చిపోయాడు. ఆమె జాలిగా చూసింది. పావుగంట గడిచింది. ఇక లాభం లేదని మీరావలికి ఫోను కలిపి, గొంతు ఇద్దరికీ వినబడేలా పెట్టాడు.

"మీరావలీ, నువ్వడిగే ఆ నవ్వు ఫోటో పంపుదామంటే, టీచరు గారు నవ్వడం లేదయ్యా."

అవతల నుంచి మీరావలి అన్నాడు: "డాక్టరు గారూ, ముందు మీరు నవ్వండి. మీ మొహం చూస్తూ ఎవరికైనా నవ్వెలా వస్తుందండి?"

సువర్చల పకపకా నవ్వేసింది. పై పెదవి పూర్తిగా లేచింది. వేలెడు వెడల్పున చిగురంతా కనబడింది. కొత్త పన్ను పైన, పెన్సిలుతో గీసి రుద్దినట్టు బూడిద రంగు మరక ఉంది. ఆ నవ్వులో ఎవరి కన్నయినా మొదట పడేది దాని మీదే. ఇన్నాళ్లూ పెదవి ఎత్తి చూసిన పినాకపాణి, అది నవ్వు మధ్యలో ఎలా ఉంటుందో చూడటం అదే మొదలు. ఫోటో తియ్యడం మర్చిపోయాడు.

"అదే మాట ఇంకోసారి అనవయ్యా" అన్నాడు నెమ్మదిగా.

తర్వాత పని తేలిగ్గా సాగలేదు. తను ముచ్చటపడి పెట్టిన పన్నును తనే కోసి తియ్యాల్సి వచ్చింది. లోహపు ముక్క తీసేసి, చిగురు కుదురుకునేదాకా ఆరు వారాలు తాత్కాలికంగా ఒక పన్ను పెట్టాడు. మీరావలి ఆమె చిగురు వంపుకు సరిపోయేలా తెల్లటి ముక్కను చెక్కి పంపాడు. దాని మీద కొత్త పన్ను ఎక్కించాక బూడిద రంగు పోయింది. ఎండలో, దగ్గరగా, పట్టిపట్టి చూస్తే ఇంకా కొద్దిపాటి తేడా ఉంది. ఆ సంగతి ఈసారి ఆమె అడక్కుండానే ఆయన చెప్పాడు.

సువర్చల అద్దం ముందు నిండుగా నవ్వి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. తర్వాత అద్దం బల్ల మీద పెట్టింది.

"బాగుందండీ. ఇది మొదటిసారే చేసి ఉంటే, ఇన్నాళ్లు నేను పిల్లలకి కథలు మానేసేదాన్ని కాదు కదండీ."

ఆమె గొంతులో కోపం లేదు. "కాదమ్మా, మానేసేవారు కాదు" అని పినాకపాణి ఒప్పుకున్నాడు.

చేతిలో ఎంత నేర్పు ఉన్నా, ఎదుటి మనిషిని చూడకుండా, వాళ్లు చెప్పేది వినకుండా చేసిన పని సగం పనే. మిగిలిన సగం కష్టం వాళ్లు మోయాల్సి వస్తుంది.