కన్ను లేని ఏనుగు

పేరు చెబితే వారసులు నొచ్చుకుంటారు గనుక, ఒకానొక రాజ్యం అనే అనుకుందాం. దాన్నేలే ప్రచండవర్మకు తనంతటివాడు లేడని గట్టి నమ్మకం. "నన్ను మోయడం మా ఏనుగు పూర్వజన్మ సుకృతం" అని రోజుకొకసారైనా అనేవాడు. సభంతా తల ఊపేది.

ఆ సుకృతం చేసుకున్న ఏనుగు పేరు గౌరి. సంకెల ఒరుసుకుని దాని కాలు పుండుపడింది. చెవి వెనక అన్నీ అంకుశం పోట్లే. "ఈ దసరాకు అంబారీ ఎత్తితే ఇది మళ్లీ లేవదు ఓబయ్యా" అని మావటి పీరయ్య ఆస్థాన చిత్రకారుడి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. రాజుగారితో చెప్పబోతే భటులు గెంటేశారట.

"ఏదో ఒకటి చేద్దాంలే తాతా" అన్నాడు ఓబయ్య. అప్పటికే ఆయన సభామండపం గోడమీద రాజుగారి ఏనుగు సవారీ చిత్రిస్తున్నాడు. "ఏనుగు కళ్లలో ఆనందం తాండవించాలి. లేదా నీకు దేశబహిష్కారమే" అని రాజాజ్ఞ.

పండుగ పదిరోజులుందనగా రాజు చూడవచ్చాడు. బొమ్మలో అన్నీ ఉన్నాయి, ఏనుగుకు కన్ను లేదు.

"ఏదయ్యా కన్ను?"

"మా చిత్రకారులం కన్ను ఆఖర్న దిద్దుతాం ప్రభూ. అదీ ఎదుట చూసిందే దిద్దాలి. ఆర్నెల్లు గజశాలలో కూర్చున్నాను, ఆనందం ఒక్కపూటా కనబడలేదు. ఆ అలంకారమంతా వేసుకుని నవ్వుతూ నిలబడగల ధీరులెవరైనా ఉంటే, వారిని చూసి దిద్దుకుంటాను."

"నేనుండగా ఇంకొకరెందుకు?" అంటూ రాజు మీసం దువ్వాడు.

ఓబయ్యకు కావలసిందీ అదే. సభంతా చూస్తుండగా మండపం ముందు, మిట్టమధ్యాహ్నపు ఎండలో రాజును నిలబెట్టాడు. పీరయ్య గౌరి సంకెల లాంటిదే ఇంకొకటి తెచ్చి రాజుగారి కాలికి తగిలించాడు. ఏనుగు మీది జరీ గుడ్డను గంటలతో సహా భుజాల మీద కప్పాడు. చెవి పక్కనే నగారా మొదలైంది.

రాజు కాసేపు నవ్వాడు. తర్వాత పళ్లు మాత్రమే కనిపించాయి. చెమట తుడుచుకోబోతే, "కదలకండి ప్రభూ, ఏనుగు తుడుచుకోదు" అన్నాడు ఓబయ్య.

"ఇంకెంతసేపయ్యా?"

"ఊరేగింపు మూడు జాములు కదా. ఇంకా అరఘడియ కాలేదు. పీరయ్య తాతా, ఇక అంకుశం పట్టుకురా!"

"అంకుశమా!" రాజు కళ్లు నీళ్లు తిరిగి ఇంతింతయ్యాయి.

అంతే, ఓబయ్య కుంచె గోడమీద చకచకా ఆడింది. "అయిపోయింది ప్రభూ!"

రాజు తల తిప్పాడు. గోడమీది గౌరి బెదురుతో, నీళ్లు నిండిన కంటితో తననే చూస్తోంది. ఆ కన్ను ఎవరిదో సభలో అందరికీ తెలిసిపోయింది. బాగాలేదందామా అంటే తన కన్నే. మంత్రి నవ్వాపుకోలేక ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు.

"ముందు సంకెల విప్పండిరా!" అని అరిచాడు రాజు.

"ఎవరిది ప్రభూ? తమరిదా, గౌరిదా?" అనడిగాడు ఓబయ్య.

రాజు తన కాలు చూసుకున్నాడు. అప్పుడే చర్మం ఎర్రగా కందిపోయింది. వంగి దాన్ని తడుముకున్నాడు. "ఇద్దరిదీ" అన్నాడు మెల్లగా. ఆ వెంటనే తన వాలకం చూసుకుని, భుజాల మీది గంటలన్నీ మోగేలా పకపకా నవ్వాడు.

అంకుశాలన్నీ కొలిమికి పంపించాడు. గౌరికి అంబారీ తప్పించాడు. చేతి కంకణం తీసి ఓబయ్యకు తొడిగాడు.

"మరి కంట్లో ఆనందం దిద్దమంటారా ప్రభూ?"

"ముట్టుకున్నావంటే ఊరుకోను! రేపు మా అబ్బాయి అంబారీ ఎక్కుతానని మారాం చేస్తే, తెచ్చి దీని ముందు నిలబెట్టాలి."

అప్పటికే గౌరి ఏట్లో దిగి, పీరయ్యను నిలువునా తడిపేస్తోంది.