రోజుకొక్క ఫోటో

చౌడేశ్వరి ఆ వేళ కూడా ఫోటో తీయకుండానే ఇంటికొచ్చింది.

తీయడానికి ఏమీ లేక కాదు. గండికోట దగ్గర పెన్నా నది కొండను నిలువునా చీల్చుకుంటూ పోయిన లోయ ఉంది కదా, ఆమె తిరిగేది అక్కడే. చుట్టూ ముళ్ళకంపలు, నెర్రెలిచ్చిన నేల. మధ్యలో ఎర్రటి రాతిగోడలు, అడుగున నీళ్ళు. పొద్దు కాస్త జరిగితే చాలు, లోయ చీర మార్చుకున్నట్టు రంగు మార్చుకుంటుంది. చౌడేశ్వరికి ఆ లోయంటే ప్రేమ. నిద్రలో కూడా దాని రంగులే కలవరించేంత ప్రేమ.

చిక్కల్లా గురువు పెట్టిన నియమంతోనే.

గురువు పేరు హుసేనప్ప. జమ్మలమడుగులో స్టూడియో నడిపి, సగం ఊరి పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసి, వయసు మళ్ళాక స్టూడియో కొడుక్కి వదిలేసి లోయను పట్టుకున్నాడు. తన కెమెరా చౌడేశ్వరి చేతిలో పెట్టిన నాడే చెప్పాడు.

"రోజుకొక్క ఫోటో పాపా. బాగొచ్చినా అదే, బాగలేకపోయినా అదే. రెండోది తీసినావంటే కెమెరా నా చేతికిచ్చి ఇంటికి పో."

మొదట్లో ఆమెకది ఆటలాగే ఉండేది. చూసేది, మీట నొక్కేది, నవ్వుకుంటూ ఇంటికొచ్చేది. ప్రొద్దుటూరులో క్యాలెండర్లు అచ్చువేసే వాళ్ళు లోయ ఫోటో ఒకటి కావాలనీ, నచ్చితే కింద పేరు కూడా వేస్తామనీ కబురు పంపాక పట్టుకుంది రోగం. తన పేరు, అదీ అచ్చులో! తలుచుకుంటేనే ఒళ్ళు ఝల్లుమనేది. వాళ్ళమ్మయితే అప్పుడే మగ్గం పక్క గోడకు మేకు కొట్టించి, "ఇక్కడ తగిలిద్దాం మే" అని వచ్చేపోయే వాళ్ళందరికీ చూపిస్తోంది.

మరి అంత గొప్ప ఫోటోకు ఏ వెలుతురు తగుతుంది?

తెల్లారగట్ల రాళ్ళ అంచులు గులాబీ రంగు తిరిగేవి. వేలు మీట మీదకు పోయేది. ఉండు, ఇంకాసేపుంటే ఎర్రబడుతుందేమో అనుకునేది. ఎర్రబడేది. ఆ మబ్బు నీడ కూడా పడితే ఎంత బాగుంటుందో అనుకునేది. పడేది. దూరంగా వాన కూడా దిగితేనా అని ఆశ. అంతలో ఎండ నెత్తికెక్కి లోయంతా తెల్లగా పాలిపోయేది. సాయంత్రమూ ఇదే వరస. చీకటి పడ్డాక ఆ నాటి ఫోటోను వాడకుండానే, భుజాన కెమెరా స్టాండు వేసుకుని ఇంటిదారి పట్టేది.

ఇక ఎల్లుండికల్లా ఫోటో పంపాలి. లేకుంటే ఎవరిదో పాత ఫోటో వేసుకుంటామన్నారు.

"సరైన వెలుతురు ఇదేనని ఎట్ల తెలుస్తాది తాతా?" అని అడిగింది.

హుసేనప్ప బీడీ ఆర్పి, "రేపు నేనూ వస్తా పద. వస్తా వస్తా మిరపకాయ బజ్జీలు తెస్తా" అన్నాడు. అంతే.

మర్నాడు మధ్యాహ్నం దాటింది. చౌడేశ్వరి కొండ అంచున స్టాండు నిలబెట్టి, ఒక చెయ్యి కెమెరా మీద పెట్టి, మెడ నొప్పి పుట్టేలా ఆకాశంలోకే చూస్తోంది. వెనక రాతి మీద హుసేనప్ప పొట్లం విప్పాడు.

"తిను పాపా, చల్లారిపోతాయి."

"ఉండు తాతా. ఆ మబ్బు కదుల్తాంది."

"మబ్బు దాని పని మీద అది పోతాంది. నీ కోసం వచ్చిందా అది?"

"నువ్వు ఊరికే ఉండు తాతా. చెయ్యి వదిల్తే తప్పిపోతాది."

హుసేనప్ప చేతులకంటిన నూనె పంచెకు తుడుచుకుని లేచాడు. "ఏదీ, కొంచెం జరుగు. నన్నూ చూడనీ" అంటూ వంగి, కెమెరాకు కన్ను ఆనించాడు.

టక్.

చౌడేశ్వరి కేక పెట్టింది.

"తాతా! ఏం చేసినావు!"

"నొక్కినా."

"ఎందుకు నొక్కినావు? ఇంగా వెలుతురే రాలేదే! ఎండ చూడు, సున్నం కొట్టినట్టుండాది!"

"అవును, ఏమీ బాగలేదు" అని ఒప్పేసుకున్నాడు హుసేనప్ప. కెమెరా మూత పెట్టేసి, స్టాండు మడిచి, చంకలో పెట్టుకున్నాడు. "ఈ రోజుది అయిపాయె. రా, బజ్జీ తిను."

ఆమె తినలేదు. ముక్కుపుటాలు అదురుతుంటే ముసలాయనకు వీపు తిప్పి, మోకాళ్ళు పట్టుకుని లోయకేసి కూర్చుంది. చేతులు రెండూ ఖాళీ. వాటినేం చేయాలో కూడా తోచలేదు. తిడదామని మాటలు వెతుక్కుంది. మంచి ఘాటైనవి కొన్ని దొరికాయి కూడా.

అంతలో గాలి దిక్కు మారింది.

ఎర్రటి దుమ్ము అవతలి ఒడ్డు నుంచి తెరలా లేచింది. దుమ్ము వెనకే వాన. అది లోయలోకి ఒక్కసారిగా పడలేదు, మలుపు మలుపునా ఆగి తొంగిచూస్తూ నడిచొచ్చింది. అది తాకిన గోడ తాకినట్టే పసుపు నుంచి కాషాయానికి, కాషాయం నుంచి తడిసిన ఇటుక రంగుకు తిరిగింది. దూరపు గోడ నీలమైపోయి మాయమైంది. తడిరాతి వాసన ముఖాన కొట్టింది. రాతి సందుల్లోంచి పావురాళ్ళు గుంపుగా లేచి, వానకు ముందే పరుగెత్తి, మళ్ళీ ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగాయి.

చౌడేశ్వరి ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. జడ తడిసిపోయింది. తిట్లన్నీ ఎటు పోయాయో పోయాయి.

"తాతా! ఆ పావురాళ్ళను చూడు! అయ్యో, వాన నీళ్ళ మీద ఎట్ల నడుస్తాందో చూడు తాతా! ఇది రోజూ ఇట్లనే వస్తాదా?"

"ఏమో" అన్నాడు హుసేనప్ప, కెమెరాను పంచెకొంగులో దాచి తను మాత్రం నిలువునా తడుస్తూ. "రోజూ చూసేదానివి, నువ్వే చెప్పల్ల."

ఆమె మెత్తబడిపోయిన బజ్జీ ఒకటి తీసుకుని తినింది.

చివరి రోజు తెల్లవారుజామున మబ్బు పట్టే ఉంది. కొండ మీద జనం అప్పటికే సెల్‌ఫోన్లు పట్టుకుని బారుగా నిలబడ్డారు. చౌడేశ్వరి ఆ బారులో చేరలేదు. ఈసారి స్టాండు కూడా తేలేదు. కెమెరా మెడలో వేసుకుని, రాళ్ళ మీద ఊరికే అట్లా అట్లా నడిచింది. హుసేనప్ప వెనకాల ఆయాసపడుతూ వచ్చాడు.

ఎవరూ చూడని ఒక ఇరుకు మలుపు దగ్గర మబ్బు కాస్త చిరిగింది. పెళ్ళికూతురు తెర సందులోంచి చూసినట్టు సన్నటి వెలుగు ఒక్కటి దిగి, నిన్నటి వాన నీళ్ళు ఇంకా కారుతున్న ఒక్క రాతిని తాకింది. మిగతా లోయంతా నిద్రలోనే ఉంది. చౌడేశ్వరి మనసు "అబ్బ" అంది.

టక్.

ఫోటో ఎట్లా వచ్చిందోనని కూడా చూడలేదు. మూత పెట్టేసి, ఆ రాళ్ళ మీదే కూర్చుంది.

అప్పుడు పొద్దు మబ్బులన్నీ తోసుకుని బయటికొచ్చింది. లోయ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా భగ్గుమంది. గోడలు నిప్పుల్లా, నీళ్ళు కరిగిన బంగారంలా. మీదుగా, అడ్డంగా, ఒక ఇంద్రధనుస్సు. కొండ మీద జనం కేకలు, ఈలలు. ఇన్నాళ్ళూ ఆమె కలలో కూడా ఇంత అడగలేదు.

హుసేనప్ప శిష్యురాలి ముఖంలోకి వంగి చూశాడు. కెమెరా ఆమె మెడలోనే ఉంది. చేతులు మాత్రం ఒళ్ళో ఉన్నాయి, హాయిగా.

"ఏం పాపా, కడుపు మండలేదా? ఒక్క చిటికె ఆగి ఉంటే..."

"ఉష్" అంది చౌడేశ్వరి, లోయ మీంచి చూపు తిప్పకుండానే. "మాట్లాడొద్దు తాతా. చూడు."

హుసేనప్ప నోరు మూసుకుని, బుద్ధిగా ఆమె పక్కన కూర్చున్నాడు.