వాడిన కట్ట

కోనవరం దివాను నరసప్ప పంతులుగారికి చారులో కొత్తిమీర లేకపోతే ముద్ద దిగదు. గాలీ వెలుతురూ తగలాలని కట్టను ఆయనే దగ్గరుండి వంటింటి కిటికీలో, ఎండ పడే చోట పెట్టించేవారు. అది మధ్యాహ్నానికల్లా వేలాడిపోయేది. ఇదంతా అమ్మేవాళ్ళ మోసమేనని తేల్చి, ఆకుకూరల వీరాయమ్మను పిలిపించారు.

వీరాయమ్మ పొద్దున్నే వచ్చింది. కచేరీ ముందు ఎండలో నిలబెట్టారు. పంతులుగారు పూజ చేసుకుని, ఫలహారం చేసి, చదరంగం ఆడి బయటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. వీరాయమ్మ మెడ వాల్చేసి గోడకి జారగిలబడి ఉంది.

“ఏమే, నా ముందు తిన్నగా నిలబడలేవూ?”

“పొద్దున తిన్నగానే ఉన్నాను దొరా. మీ వాకిట్లోకొచ్చాకే ఇలా వాడిపోయాను. నాసిరకం పిల్లని కన్నందుకు మా అమ్మనీ పిలిపిస్తారా?”

తలుపు చాటునున్న పంతులుగారి భార్య సుభద్రమ్మ ఫక్కున నవ్వి, చెంబుతో నీళ్ళు పంపించింది. వీరాయమ్మ గటగటా తాగి, నీడలోకి జరిగి, నిటారుగా నిలబడింది.

“కొత్తిమీరకీ ఇంతే దొరా. నీడన, చెంబెడు నీళ్ళలో కాడలు మునిగేలా పెట్టించండి. పైన తడిగుడ్డ కప్పించండి.”

మర్నాడు సాయంత్రం కూడా కట్ట నవనవలాడింది. కచేరీ ముందు పందిరి వేశారు, నీళ్ళకుండ పెట్టారు. అయినా పాత అలవాటు ఎక్కడికి పోతుంది? పంతులుగారు ఎవరినైనా వాకిట్లో నిలబెట్టి చదరంగంలో మునిగిపోతే, లోపల్నుంచి సుభద్రమ్మ గొంతు వినిపించేది:

“ఏమండీ, వాకిట్లో కట్ట వాడిపోతోంది!”