చుక్క లేని పాప

కొత్త లేబుళ్ళ పెట్టెలు వచ్చిన దగ్గర్నుంచీ వీరేశకు ముద్ద గొంతు దిగడం లేదు.

పెట్టెలు దుకాణం వెనక గదిలో గోనెసంచుల కింద ఉన్నాయి. అచ్చు వేయించింది తనే, దాచిందీ తనే. గురువుగారు బాఖీ సాహెబుకు మాత్రం ఇంకా చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే లారీ వచ్చేస్తుంది. ఈలోగా సీసాలన్నిటికీ అవి అంటించాలి. అంటిస్తే పెద్దాయన కంట పడక తప్పదు. ఏం చేయాలో తోచక వీరేశ కాలుగాలిన పిల్లిలా ఆ గదిలోకీ వీధిలోకీ తిరుగుతున్నాడు.

ఆదోని చుట్టుపక్కల హకీం బాఖీ సాహెబ్ కాచే పిల్లల నూనె తెలియని తల్లి లేదు. ఆ నూనెకు ఆయన పెట్టిన పేరు వేరే ఉంది. సీసా మీద పెద్ద అక్షరాల్లో అచ్చయి కూడా ఉంటుంది, పాపం దాన్ని చదివిన పుణ్యాత్ములు లేరు. పేరు కింద ఒక బొమ్మ. బోర్లా పడుకుని తల ఎత్తి చూసే బొద్దుపాప. ఆ పాప బుగ్గ మీద ఇంత నల్లటి దిష్టిచుక్క. జనం ఆ చుక్కనే పేరు చేసుకున్నారు. "చుక్కపాప నూనె ఇయ్యప్పా" అని అడుగుతారు. గుడికి పోయే ఇంట్లో అయినా మసీదుకు పోయే ఇంట్లో అయినా పురిటి గది గూట్లో ఆ సీసా ఉండాల్సిందే.

అలాంటి నూనెకు ఇప్పుడు పోటీ వచ్చింది. పట్నం కంపెనీ ఒకటి తెల్లటి సీసాలు దించింది. దాని మీద పాప వెన్నముద్దలా ఉంది, ఒంటి మీద మచ్చన్నది లేదు. బజారులో అద్దాల అంగడి పెట్టిన షావుకారు చుక్కపాప సీసాను వెలుగులో అటూ ఇటూ తిప్పి, "ఈ మరక ఏందప్పా? చూసేటోళ్ళకు పిల్లకు ఏదో జబ్బు అనిపిస్తాది. ఇది తీసేస్తే పెట్టుకుంటాను" అన్నాడు. హైదరాబాదులో బొమ్మలు గీసే కుర్రాడూ ఆ మాటే అన్నాడు. మరక. ఆ మాట వీరేశ చెవిలో జోరీగలా చేరింది.

అతని భయం ఉత్తుత్తి భయం కాదు. అంగళ్ళవాళ్ళు ఒక్కొక్కరే మొహం చాటేస్తున్నారు. నూనె కాగే కొప్పెర దగ్గర తెడ్డు తిప్పేవాళ్ళూ, సీసాలు కడిగే ఆడవాళ్ళూ అందరూ ఆ నూనె మీదే బతుకుతున్నారు. సాహెబుకు వయసు మీద పడింది. రేపు ఈ నూనె ఆగిపోతే ఆ పాపం ఎవరిది? చదువుకున్నవాడివి, పక్కనే ఉండి ఏం చేశావని లోకం తననే అడుగుతుంది.

ఇంటికి పోతే ఇంకో భయం. వీరేశ, సుంకమ్మలకు మొదట పుట్టిన ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. మూడోవాడు పుట్టగానే పెద్దవాళ్ళు వాణ్ణి పెంటతిప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డను ఏరుకొచ్చుకున్నట్టు మళ్ళీ ఇంటికి తెచ్చి, తిప్పన్న అని పేరు పెట్టారు. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుంటే చావు కూడా వాడి వంక చూడదని ఆశ. డిగ్రీ చదివిన వీరేశ ఆ తిప్ప పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాదనే ధైర్యం అతనికి ఎక్కడిది?

సాహెబు తీరు వేరు. ఆయన నోటితో నేర్పే మనిషి కాదు. చేరిన కొత్తలో వీరేశ, "నూనె ఎప్పుడు దించాల సాబ్?" అని అడిగితే కొప్పెర పక్కన ఒక పీట వేసి తన పని తాను చూసుకున్నాడు. ఆ పీట మీద కూర్చుని కూర్చునే వీరేశ నూనె వాసన పట్టడం నేర్చుకున్నాడు. ఎవరైనా తల్లి బిడ్డను ఎత్తుకొచ్చి చూపిస్తే సాహెబు ఎగాదిగా చూసి, "ఏముందమ్మా, కోతిపిల్ల" అనేవాడు. తల్లులు మురిసిపోయేవాళ్ళు. పసిబిడ్డ బాగున్నాడన్న మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు.

ఆ రోజు సంత. ఇక తప్పదని వీరేశ కొత్త లేబుల్ ఒకటి చేత్తో పట్టుకుని కొప్పెర దగ్గరికి వెళ్ళాడు. కాగితం చాపాడు.

సాహెబు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"చుక్క యాడరా?"

"తీసేయించినా సాబ్. మరక మాదిరి కనబడ్తాంది అంటాండారు. ఇప్పటి తల్లులు చదువుకున్నోళ్ళు. దిష్టి గిష్టి నమ్మరు."

"నువ్వు?"

వీరేశ తల వంచుకున్నాడు. "నేనూ నమ్మను సాబ్."

తిడతాడనుకున్నాడు. కాగితం చింపి పొయ్యిలో వేస్తాడనుకున్నాడు. సాహెబు రెండూ చేయలేదు. లేబుల్‌ను మెల్లగా మడిచి జేబులో పెట్టుకుని, "సుంకమ్మను రమ్మను. పిల్లోడిని ఎత్తుకొని రమ్మను. చూసి శానా దినాలాయ" అన్నాడు.

దీనికీ దానికీ ఏం సంబంధమో వీరేశకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడంతో భయం ఇంకా పెరిగింది. తిట్టే మనిషి తిట్టకపోతే అంతకన్నా పెద్దదేదో రాబోతోందన్నమాటే కదా.

సుంకమ్మ వచ్చింది. తిప్పన్నకు అప్పుడే స్నానం చేయించినట్టుంది, కాళ్ళ దాకా పాత చీరముక్కలో చుట్టి తెచ్చింది. బుగ్గ మీద చుక్క నిగనిగలాడుతోంది. సాహెబు బిడ్డను రెండు చేతులా అందుకున్నాడు. "వెలుతురులో చూస్తాను" అంటూ పొయ్యి వైపు తిరిగి, వాళ్ళకు వీపు పెట్టి, కాసేపు అక్కడే కూర్చుని లేచాడు. తర్వాత బిడ్డతో సహా వీధి అరుగు మీదకు వెళ్ళాడు.

అరుగు ముందంతా సంత జనం. ఉల్లిగడ్డల బస్తాలు, మిరపకాయల రాశులు, బేరాల కేకలు. సాహెబు బిడ్డను అందరికీ కనబడేలా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, భుజం మీది తువ్వాలు కొస తడిచేసి, బుగ్గ మీది చుక్కను శుభ్రంగా తుడిచేశాడు.

"మరక" అన్నాడు.

సుంకమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పెద్దాయనను ఆపే ధైర్యం ఆమెకు లేదు. మొగుడి వంక చూసింది. వీరేశ నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"ఏం పిల్లోడప్పా!" సాహెబు గొంతెత్తాడు. కొప్పెర దగ్గరివాళ్ళు తెడ్లు ఆపి తిరిగి చూశారు. ఆ గొంతులో ఆ మాట వాళ్ళు ఎన్నడూ విన్నది కాదు. "బంగారు ముద్ద! ఆ కండ్లు సూడండి, ఆ రంగు సూడండి. ఇంత సక్కని బిడ్డను ఆదోనిలో సూసినారా మీరు? రండమ్మా, అందరూ రండి. సూడండి!"

జనం చేరారు. మిరపకాయలు అమ్మే ఆవిడ వచ్చింది. బండి దిగి ఇద్దరు ముగ్గురు వచ్చారు. "అవునప్పా, ఎంత ముద్దుగుండాడు." "బుగ్గలు సూడు, ఎంత బొద్దుగుండాయో." "ఎవురి బిడ్డప్పా?" "మన వీరేశ కొడుకంట." తిప్పన్న కొత్త మొహాలను చూసి బోసినోటితో నవ్వాడు. ఆ నవ్వు చూసి ఇంకా పదిమంది మూగారు.

నేను నమ్మను, నేను నమ్మను అని వీరేశ లోపల అనుకుంటూనే ఉన్నాడు. ప్రతి కన్నూ తన బిడ్డ మీదే వాలుతోంది. మొదటి బిడ్డ కూడా ఇలాగే నవ్వేవాడు. రెండో బిడ్డను చూసి కూడా పక్కింటివాళ్ళు ఇలాగే బుగ్గలు బాగున్నాయన్నారు. ఆ సాయంత్రమే ఒళ్ళు కాలిపోవడం మొదలైంది.

ఒక ముసలమ్మ మాత్రం మొహం చిట్లించింది. "పిల్లోడికి చుక్క పెట్టకుండా ఇంతమందిలో కూసోబెట్టినారేమప్పా?"

ఆ మాట అలా ఉండగానే తిప్పన్న నవ్వు ఆగిపోయింది. కింది పెదవి ముందుకొచ్చింది. గుక్కపట్టి ఏడవసాగాడు.

వీరేశకు పైప్రాణాలు పైనే పోయాయి. ఎవరిని తోశాడో, ఎవరి కాలు తొక్కాడో తెలియదు. కొప్పెర దగ్గరికి ఉరికి, దాని అడుగున వేలు రాశాడు. చురుక్కుమన్నది కూడా తెలియలేదు. మసి వేలితో పరుగున వచ్చి కొడుకు బుగ్గ మీద ఇంత చుక్క పెట్టాడు. చాలదనిపించి నుదుటి మీద ఇంకొకటి పెట్టాడు. బిడ్డను సాహెబు ఒళ్ళోంచి లాక్కుని గుండెకు అదుముకున్నాడు.

జనం నవ్వుకుంటూ చెదిరిపోయారు. తండ్రి భుజం మీద తిప్పన్న ఏడుపు మానేశాడు.

సాహెబు అరుగు మీద అలాగే కూర్చుని ఉన్నాడు.

"ఏంటికిరా మరక పెడ్తివి? బొమ్మ చెడిపాయ."

వీరేశ బిడ్డను ఇంకా దగ్గరికి పొదువుకున్నాడు.

సాహెబు జేబులోంచి మడిచిన లేబుల్ తీసి మోకాలి మీద పరిచాడు. చుక్క లేని పాప తల ఎత్తి అందరినీ చూస్తూ నవ్వుతోంది.

"ఈ పిల్లకు అమ్మా నాయనా లేరా?" అని అడిగాడు.

అంతే. లేచి కొప్పెర దగ్గరికి వెళ్ళిపోయాడు.

వీరేశ బిడ్డను సుంకమ్మకిచ్చి వెనక గదిలోకి నడిచాడు. గోనెసంచులు లాగేసి పెట్టెలన్నీ తెచ్చి వాకిట్లో అందరి ముందూ దించాడు. కొప్పెర అడుగు మసిని ఆముదంలో కలిపి చిప్పల్లో పోశాడు. చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. ఒక్కో లేబుల్ తీయడం, వేలు ముంచడం, పాప బుగ్గ మీద చుక్క పెట్టడం. సీసాలు కడిగే ఆడవాళ్ళు కబుర్లు ఆపి మరీ పెట్టారు. ఒకరిది పెద్ద చుక్క, ఒకరిది చిన్నది, ఒకరిది కొంచెం చెదిరింది. ఏ రెండు పాపలకూ ఒకేలా రాలేదు.

ఆ సరుకును అద్దాల అంగడి షావుకారు గుమ్మం ఎక్కనిస్తాడో లేదో వీరేశకు తెలియదు. ఆ భయం ఎక్కడికీ పోలేదు. చేత్తో చుక్క పెట్టిన ఆ సీసాలు ఇంటింటికీ పోయాక, అచ్చేసిన చుక్కను తల్లులు ఒప్పుకోకపోవడం, షావుకారే మనిషిని పంపి సరుకు అడగడం, అదంతా తర్వాతి మాట. ఆ రోజు మాత్రం అతను పక్కవాడి కాగితం కూడా లాక్కుని చూసి, చుక్క ఉందని నమ్మకం కుదిరాకే కట్టలో పెట్టాడు.

పొద్దు వాలే వేళకు సుంకమ్మ బిడ్డకు పాలు పట్టడానికి మూల కూర్చుంది. ఉక్కగా ఉందని చీరముక్క విప్పింది. విప్పినది విప్పినట్టే ఆగిపోయి, "ఇట్ల రా" అని వీరేశను పిలిచింది.

తిప్పన్న ఎడమ అరికాలి నడుమ గుండ్రంగా ఒక మసిచుక్క ఉంది. బొటనవేలి గుర్తు. చెరిగిపోకుండా గట్టిగా అదిమి పెట్టినది.

"నువ్వు పెట్టినావా?" అన్నాడు వీరేశ.

"లేదు. నేను బుగ్గకే పెట్టింటి. నువ్వు?"

"నేనూ బుగ్గకే."

ఇద్దరూ ఒకేసారి కొప్పెర వైపు చూశారు. సాహెబు అటు తిరిగి నూనె కలుపుతున్నాడు. తెడ్డు పట్టుకున్న ఆయన బొటనవేలు నల్లగా ఉంది.

వీరేశ దగ్గరికి వెళ్ళాడు.

"సాబ్, మీకు కూడా భయమేనా?"

సాహెబు తెడ్డు ఆపలేదు.

"నాకు భయం లేని పొద్దు ఈ కొప్పెర దించేయిరా" అన్నాడు.

వీరేశ పీట లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాడు.