రెండు నిమిషాల ఎడం

రుక్మిణికి ఎదురుచూడటం చేతకాదు.

మూడు రోజులుగా ఆమె చేస్తున్నది మాత్రం అదే. కొండ ఎక్కడం, పైన ఆగడం, వెనక్కి తిరిగి చూడటం. కింది మలుపులో తన జోడీ తెరీసా పసుపు చొక్కా కనిపించేదాకా ఒక కాలు పెడలు మీద, ఒక కాలు నేల మీద పెట్టుకుని బ్రేకు నొక్కుతూ, వదులుతూ నిలబడటం. ఈలోగా వెనకాల వస్తున్న జట్లు ఒక్కొక్కటే పక్కనుంచి దాటిపోయేవి. దాటిపోయిన ప్రతి చక్రం చప్పుడూ ఆమెకు చెవిలో గీరినట్టుండేది.

అది ఆరు రోజుల కొండ సైకిళ్ళ పందెం. పాడేరు దగ్గర మొదలై కాఫీ తోటల్లోంచి, వాగుల్లోంచి, ఎర్రమట్టి బాటల్లోంచి రోజుకో మజిలీ చేరుతూ అరకులో ముగుస్తుంది. జట్టుకి ఇద్దరు. ఇద్దరి మధ్య ఎడం రెండు నిమిషాలు దాటకూడదు. దారిలో నాలుగు చెక్‌పాయింట్ల దగ్గర అధికారులు కూర్చుని గడియారం చూసి రాసుకుంటారు. సాయంత్రం ముగింపు గీత దగ్గరికి ఎవరు ముందొచ్చినా, జట్టుకి వేసే సమయం రెండో మనిషిదే. ఆరు రోజుల సమయాలూ కలిపితే ఎవరిది తక్కువో వాళ్ళు గెలిచినట్టు.

మొదటి రోజే రుక్మిణి ఆగలేక వెళ్ళిపోయింది. ఎడం నాలుగు నిమిషాలొచ్చింది. మొదటి తప్పని హెచ్చరించి వదిలేశారు. ఇంకోసారైతే జట్టు సమయానికి గంట కలుపుతామన్నారు. అప్పటినుంచి ప్రతి కొండ మీదా ఈ నిలబడటం.

మూడో రోజు సాయంత్రానికి వాళ్ళది రెండో స్థానం. మొదటి జట్టు పదకొండు నిమిషాలు ముందుంది. ఆ పదకొండు నిమిషాలూ రుక్మిణికి ఒళ్ళంతా చీమల్లా పాకుతున్నాయి. తింటున్న కంచం సగంలో వదిలేసి ఖాదర్ వలీ దగ్గరికి వెళ్ళింది.

ఆయనకి అనకాపల్లిలో సైకిళ్ళు బాగుచేసే కొట్టుంది. వయసులో ఉన్నప్పుడు ఘాట్ రోడ్ల మీద పందేలు తొక్కాడు. ఇప్పుడు తెల్లారగానే ఓ పదిమందికి తొక్కడం నేర్పుతాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. రుక్మిణి నాలుగేళ్ళుగా ఆయన శిష్యురాలు. తెరీసా వచ్చి ఏడాదైంది. ఇద్దర్నీ ఒక జట్టు చేసింది ఆయనే.

ఉస్తాద్ సైకిలు తలకిందులుగా నిలబెట్టి చైను తుడుస్తున్నాడు.

"తెరీసాని నాతో ఎందుకు వేశారు ఉస్తాద్?" అంది రుక్మిణి, కూర్చోకుండానే.

"ఏమైంది బేటీ?"

"ఇవాళ మూడు కొండలమీదా కలిపి తొమ్మిది నిమిషాలు నిలబడ్డాను. ఊరికే, స్తంభంలా! నేనొక్కదాన్నే అయితే ముందువాళ్ళని ఎప్పుడో దాటేసేదాన్ని. నేను వస్తున్నాను, తను రావట్లేదు. ఇందులో నా తప్పేముంది?"

ఉస్తాద్ పెడలు చేత్తో తిప్పి, చైను చప్పుడు కాసేపు విన్నాడు.

"రేపు పెద్ద కొండ మీద నీళ్ళిచ్చే చోట నేనుంటాను," అన్నాడు. "వెళ్ళు, అన్నం తిను."

అంతే. రుక్మిణి ఇంకాసేపు అక్కడే అటూ ఇటూ తిరిగింది. ఆయన తలెత్తలేదు.

నాలుగో రోజు దారిలో మొదట ఒక వాగు, అది దాటగానే పదకొండు కిలోమీటర్ల ఎక్కుడు. వాగులో రాళ్ళు పాచిపట్టి ఉన్నాయి. రుక్మిణి సైకిలు భుజాన వేసుకుని నాలుగు అంగల్లో ఒడ్డెక్కింది. పై మలుపులో నీలం చొక్కాలు రెండు కనిపించాయి. మొదటి స్థానంలో ఉన్న జంట! ఇక ఆమె కళ్ళకి వేరే ఏమీ ఆనలేదు. నీళ్ళ చప్పుడు వెనకబడింది, గాలి చెవుల్లో హోరుమంది. మలుపు తర్వాత మలుపు. తొడలు మండుతున్నా గేరు మార్చలేదు.

కొండపైన చెక్‌పాయింటుకి నూరు గజాల ముందు ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. చేతిలో రెండు నీళ్ళ సీసాలు. రుక్మిణి బ్రేకు వేసి చెయ్యి చాచింది.

"నీళ్ళు, ఉస్తాద్! వాళ్ళు ఇప్పుడే వెళ్ళారు, చూశారా?"

ఆయన సీసా ఇవ్వలేదు. ఆమె భుజం మీదుగా దారివైపు చూస్తున్నాడు.

"ఉస్తాద్!"

"మీరింకా రాలేదు," అన్నాడాయన.

రుక్మిణి తెల్లబోయింది. నాలుగేళ్ళలో ఆయన ఆమెని మీరు అన్నది లేదు. ఆ మాట కొట్టుకి వచ్చే కొత్తవాళ్ళతో అంటాడు.

"నన్ను మీరంటారేంటి? వచ్చాను కదా! మీ ఎదురుగానే ఉన్నాను కదా!"

"మీరింకా రాలేదు," అన్నాడు ఉస్తాద్ మళ్ళీ, అంతే నెమ్మదిగా.

ఆమె విసురుగా సైకిలు పక్కకి తిప్పి కింది మలుపువైపు చూసింది. ఒక నిమిషం. రెండు. బ్రేకు నొక్కింది, వదిలింది. మూడు. ఒక జట్టు వచ్చింది, నీళ్ళు తాగింది, వెళ్ళింది. తర్వాత ఇంకొకటి. పసుపు చొక్కా జాడ లేదు. తెరీసాకి ఎప్పుడూ ఇంతసేపు పట్టలేదు. చివరిసారి తనని ఎక్కడ చూశాను? వాగు దగ్గరా? వాగుకి ముందా? రుక్మిణికి గుర్తురాలేదు. గుర్తు తెచ్చుకోబోతే నీలం చొక్కాలే కనిపిస్తున్నాయి.

కోపం ఎప్పుడు పోయిందో తెలీదు.

ఉస్తాద్ సీసాలు రెండూ ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చేత్తో ఆమె సైకిలు హ్యాండిల్ పట్టుకున్నాడు. రుక్మిణి సైకిలు ఆయనకి వదిలేసి కిందికి పరుగెత్తింది.

నాలుగో మలుపు దగ్గర కనిపించింది తెరీసా. సైకిలు మీదే ఉంది గానీ, తొక్కుతున్నది ఒక కాలే. రెండో మోకాలు బురదా, నెత్తురూ.

"వాగులో జారాను. చైను ఊడితే ఎక్కించుకున్నాను."

"పిలవలేదేం?"

"రెండుసార్లు పిలిచాను రుక్కూ," అంది తెరీసా. ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

రుక్మిణి సైకిలు వెనక్కి వెళ్ళి తెరీసా నడుముకి పైన అరచెయ్యి ఆనించి నెట్టడం మొదలుపెట్టింది. మొదట తన వేగంతోనే నెట్టింది. సైకిలు తూలింది. "నెమ్మది," అంది తెరీసా. రుక్మిణి అడుగు తగ్గించింది. తెరీసా ఊపిరి ఎప్పుడు తీసుకుంటోందో, ఎప్పుడు కాలు నొక్కుతోందో అరచేతికి తెలియసాగింది. దానికి సరిగ్గా అడుగు వేసింది.

పైన ఉస్తాద్ ఇద్దరికీ సీసాలిచ్చాడు. "ఇప్పుడొచ్చారు మీరు," అన్నాడు. ఇద్దరూ నీళ్ళు తాగి పక్కపక్కనే చెక్‌పాయింటు దాటారు.

ఆ సాయంత్రానికి వాళ్ళు ఆరో స్థానానికి పడిపోయారు.

మిగిలిన రెండు రోజులూ రుక్మిణి ఒంట్లో తొందర అలాగే ఉంది. అయితే ఎదురుగాలిలో తాను ముందుండి తెరీసాకి అడ్డుగా తొక్కింది. ఎక్కుడులో వెనక చేరి చెయ్యి ఆనించింది. దిగుడులో మాత్రం తెరీసాని ముందు పోనిచ్చింది. రాళ్ళ మధ్య బాట ఎంచుకోవడంలో తెరీసాది చురుకైన కన్ను. అది రుక్మిణి ఏడాదిగా గమనించనేలేదు. "ఎడమకి! గుంట!" అని తెరీసా అరిస్తే, ఆ అరుపు వెంటే రుక్మిణి కళ్ళు మూసుకున్నంత నమ్మకంగా దూకేది.

అరకులో నాలుగో స్థానంలో ముగించారు. గీత దగ్గర సమయం పట్టే యంత్రం వాళ్ళిద్దరిలో ఒకరినే పట్టింది. అధికారి కాగితాలు పట్టుకుని పరుగున వచ్చాడు.

"మీ ఇద్దర్లో వెనక దాటిందెవరమ్మా? ఆ సమయమే వెయ్యాలి."

రుక్మిణి చెమట తుడుచుకుంటూ ఆలోచించింది.

"చూసుకోలేదండీ," అంది.

ఆయన తెరీసా వైపు తిరిగాడు. తెరీసా కూడా తల అడ్డంగా ఊపింది.

అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇద్దరికీ ఒకటే సమయం రాసుకున్నాడు.