బొద్దమ్మ హాజరు

అక్షయ నామ సంవత్సరం వెళ్ళిపోయి ప్రభవ అడుగుపెట్టిన వసంతంలో జరిగింది ఇది. వేపపూత రాలుతోంది, మామిడి పిందె పులుపెక్కింది, శివరాత్రికి శివశివా అంటూ పోవలసిన చలి పోయి నెల దాటింది. జంతువులకి సంవత్సరాల పేర్లెందుకని ఎవరైనా అడిగితే, మనుషులకి మాత్రం ఎందుకని నేనూ అడుగుతాను.

కళ్లం పక్కన పాత పశువుల పాకలో ఒక బడి ఉండేది. ఉన్నది ఒకటో తరగతి ఒక్కటే. మేస్టారు మైలెద్దు. పదేళ్లు నాగలి లాగి, కాడి దించాక అక్షరాలు నేర్చుకుని, నేర్చినవి మరిచిపోతానేమోనన్న భయంతో బడి పెట్టాడు. ఏ అక్షరాన్నైనా నాలుగుసార్లు నెమరు వేసిగాని మింగడు. పిల్లలు ఇరవై మంది: తొమ్మిది కోడిపిల్లలు, నాలుగు బాతుపిల్లలు, రెండు మేకపిల్లలు, బుడంకాయ అనే పందిపిల్ల, ఒక పిల్లికూన, ఒక కుందేలు, పదకొండేళ్లుగా అదే తరగతి చదువుతున్న తాబేలు, బొద్దమ్మ అనే గొంగళిపురుగు.

పిల్లలందరూ ఆకుల మీద రాసేవాళ్లు. బొద్దమ్మ మాత్రం రాసింది రాసినట్టు తినేసేది.

"చదువు ఒంటపట్టింది దీనికొక్కదానికే" అని మేస్టారు మురిసిపోయేవాడు.

ఉగాదికి పది రోజుల ముందు బొద్దమ్మ, "నిద్రొస్తోందండి మేస్టారండీ" అని పాక వాసం మీదికి పాకి, చుట్టూ గూడు అల్లుకుని పడుకుంది. మేస్టారు రోజూ పేరు పిలిచి, జవాబు రాకపోయినా హాజరు వేసి, పక్కన "నిద్రలో ఉంది" అని రాసుకునేవాడు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఇరవై తలలు లేని బడిని మూసెయ్యాలని సింహం కచేరీ రూలు పెట్టింది. మూస్తే పిల్లలు రోజూ వాగవతల బడికి నడిచిపోవాలి. ఆ దారి గుంటనక్క బొరియ ముందు నుంచి పోతుంది. బళ్లు తనిఖీ చేసే ఇనస్పెక్టరు కూడా ఆ గుంటనక్కే. ఇదెలా కుదిరిందని నన్నడక్కండి. కుదిరేవాళ్లకి అన్నీ కుదురుతాయి.

సరిగ్గా ఉగాది పూట తనిఖీకి వచ్చింది నక్క. వాకిట్లో కాపలా కుక్క సింగడు అడ్డం నిలబడ్డాడు.

"ఎవరండీ?"

"కళ్లు కనపడవా? ఇనస్పెక్టర్ని. ఇదిగో, పుష్యమాసంలో కచేరీ ఇచ్చిన ఉత్తర్వు. చదువుకో."

"చదువు రాదండి. వాసన చూట్టం వచ్చు."

"అయితే నేనే చదువుతా విను. ఇనస్పెక్టరును కుక్క కరవరాదు."

"కరవద్దంటే కరవనండి. ఆయ్" అని సింగడు పక్కకి తప్పుకున్నాడు. తోక మాత్రం ఊపలేదు.

లోపల పండగ పాఠం జోరుగా సాగుతోంది. గుమ్మానికి యాభై మామిడాకులు లెక్కపెట్టి కట్టారు. మేకపిల్లలు కూడా లెక్కలోకి దిగేసరికి పదహారు మిగిలాయి. ఆరు రుచుల పచ్చడికి తలా ఒకటి తెచ్చారు. పిల్లికూన చేప తలకాయ తెచ్చి ఇది ఏడో రుచి అంటోంది.

నక్క గడపలో కాలు పెట్టేసరికి గాలి రివ్వున వీచింది. దాని ఒంటి మీద బొచ్చు గుప్పెడు లేచి తరగతి అంతా పరుచుకుంది. నాలుగు బాతుపిల్లలూ ఒకేసారి తుమ్మాయి.

"మేస్టారండీ, ఈయన రాలిపోతున్నారండి!" అని అరిచాడు బుడంకాయ.

"తప్పమ్మా. వసంతంలో పాతవి రాలతాయి, కొత్తవి వస్తాయి. ఇదీ పాఠమే, రాసుకోండి" అన్నాడు మేస్టారు.

బుడంకాయ రాసుకోలేదు గాని, రాలిన బొచ్చంతా ఏరి ఉండ చుట్టుకున్నాడు.

నక్క పిల్లల్ని లెక్కపెట్టింది. కోడిపిల్లల దగ్గర చాలాసేపు ఆగింది.

"నాలుగుసార్లు లెక్కెట్టారండి వాటిని" అన్నాడు మేస్టారు.

"లెక్కలో కచ్చితం ఉండాలయ్యా మేస్టారూ. అదిగో, ఆ చివర కూర్చున్నది పిల్ల కాదు, పెట్టంత ఉంది." నక్క మూతి నాక్కుంది. "మొత్తం పందొమ్మిది. ఇరవయ్యోది ఏదీ?"

"పైన ఉందండి. బొద్దమ్మ."

నక్క వాసం వైపు చూసింది. "అది ఎండుటాకు."

"నిద్రలో ఉందండి."

"పిలిస్తే పలకాలి. పిలు."

"బొద్దమ్మా!"

పైనుంచి చడీచప్పుడూ లేదు. కింద నుంచి మాత్రం సన్నగా, "హాజరండీ" అని వినపడింది.

"ఎవడురా అది?"

"తాబేలండి" అన్నాడు బుడంకాయ.

"ఇంక చాలు. పందొమ్మిదే. బడి మూసినట్టు రాస్తున్నా. పిల్లలూ, రేపట్నుంచి వాగవతల బడికి పోదురుగాని. దారిలో అలసట వస్తే మా ఇంట్లోకి వచ్చి కూర్చోండి. ఒక్కొక్కరే రండి, తోసుకోకండి."

కోడిపిల్లలన్నీ మేస్టారి కాళ్ల మధ్య దూరాయి. మేస్టారు వాసం వంక చూశాడు. గూడు చిన్నగా కదిలినట్టనిపించింది. పరుగెత్తడం ఎద్దు వల్ల కాదు గాని, ఆలస్యం చెయ్యడం దానికి వెన్నతో పెట్టిన విద్య.

"పండగ పూట పచ్చడి రుచి చూడకుండా రాస్తే కచేరీకి అరిష్టమండి. ఒక్కో రుచీ విడివిడిగా చూడాలి. ఇది మా పాఠం పద్ధతి."

నక్క బెల్లం నాకింది, బాగుందంది. వేపపువ్వు నమిలి రెండు కళ్లూ ఒక కంట్లోకి తెచ్చుకుంది. మిరపకాయ దగ్గర పాక చుట్టూ మూడుసార్లు తిరిగొచ్చింది. చేప తలకాయ మాత్రం మళ్లీ అడిగింది.

"ఇప్పుడు తాబేలు ఒక పద్యం చెబుతుందండి."

తాబేలు లేచి, మెడ సాచి, "శ్రీ..." అంది. అందరూ కాచుకున్నారు. ఒక కోడిపిల్ల నిద్రపోయి లేచింది. తాబేలు ఇంకా "శ్రీ" దగ్గరే ఉంది.

అప్పుడు పైన టప్పుమంది. గూడు చీలింది. తడిసి ముద్దైనది ఏదో బయటికొచ్చి, రెండు రెక్కలు విప్పి, వాటిని ఆరబెట్టుకుని, గాలిలో తేలుతూ కిందికి దిగింది. నల్లటి రెక్కలు, వాటి నిండా పసుప్పచ్చ చుక్కలు.

"హాజరండీ!" అంది బొద్దమ్మ.

తరగతి అంతా ఎగిరి గంతేసింది. నక్క మాత్రం తొణకలేదు.

"రిజిస్టరు తియ్యవయ్యా. పుట్టుమచ్చల గడిలో ఏం రాశావో చదువు."

మేస్టారు కూడబలుక్కుంటూ చదివాడు. "ఒకటి, ఒళ్లంతా పచ్చన. రెండు, పొట్ట కింద బోలెడు కాళ్లు."

"ఈ వచ్చింది నలుపు. కాళ్లు ఆరు. కనక ఇది బొద్దమ్మ కాదు."

"నేనేనండీ! మొన్న 'ఱ' తిన్నది నేనేనండీ!" అని బొద్దమ్మ ఏడుపందుకుంది.

"తినడం రుజువు కాదు. పుట్టుమచ్చలు కలవాలి."

"నాకంత చదువు లేదండి. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నా బడిలో ఇరవై మంది" అన్నాడు మేస్టారు.

కుందేలు వంగి చూసుకుని, "నాలుగున్నాయండి" అంది. ఎవరూ వినిపించుకోలేదు.

మేస్టారు ఆ మచ్చలు రాసిన తన చేతిని తానే తిట్టుకున్నాడు. కాసేపు నెమరు వేశాడు. తర్వాత తలూపాడు.

"సరేనండి. పెద్దలు చెప్పిన రూలు కాదనడానికి నేనెంత? కాకపోతే నాకు మతిమరుపు. ఆ రూలేదో రాసి, కాలిముద్ర వేసి ఇవ్వండి. బడి ఎందుకు మూశావని రేపు ఎవరైనా అడిగితే చూపిస్తాను."

నక్క సంబరపడిపోయింది. పుట్టుమచ్చలు కలవని జంతువు, తానెవరని చెప్పుకున్నా అది తాను కాదు అని రాసి ముద్ర వేసింది. మేస్టారు రెండుసార్లు చదువుకుని దాన్ని కొమ్ముకి గుచ్చుకున్నాడు.

"ఇంక వచ్చిపోయేవాళ్ల పుస్తకంలో మీ పేరు ఎక్కించాలండి. మీ ఉత్తర్వు ఇలా ఇవ్వండి. ఇందులో రాసిన పుట్టుమచ్చలు: ఒకటి, తోక కొసన నల్ల కుచ్చు. రెండు, మెడ చుట్టూ దట్టమైన బొచ్చు. పిల్లలూ, సరిచూడండమ్మా."

ఇరవై మందీ నక్క వెనక్కి పరుగెత్తారు. తోక గింజలు ఒలిచిన మొక్కజొన్న కండెలా ఉంది.

"కుచ్చు లేదండి!"

"మెడ నున్నగా ఉందండి, సొరకాయలాగ!"

నక్క మొహం పాలిపోయింది. "అది చలికి మొలిచింది, ఎండకి రాలింది! అప్పుడూ నేనే, ఇప్పుడూ నేనే!"

"కుచ్చు నా దగ్గరుందండి!" అని బుడంకాయ బొచ్చు ఉండ పైకెత్తాడు.

"అదిగో! చూడండి!" అంది నక్క.

"మచ్చ ఒంటి మీద ఉంటేనే మచ్చండి. పంది చేతిలో ఉంటే అది దూది" అన్నాడు మేస్టారు.

వాకిట్లోంచి సింగడు తల లోపలికి పెట్టాడు. "మేస్టారండీ, ఇనస్పెక్టరుగారిని కరవకూడదు కదండీ. మరి ఈయనెవరండీ?"

"తెలీదు సింగా. ఎవరో కొత్తాయన."

"కొత్తాయనా!" అన్నాడు సింగడు, పండగ తనకీ వచ్చిందన్నట్టు.

పచ్చడి కుండ బోర్లా పడింది. నక్క అరుగు దూకి గోడెక్కింది. గోడ అవతలికి నక్క దిగింది గాని, తోక ఇవతల సింగడి నోట్లో ఉండిపోయింది.

"నేనే! మచ్చ పోయినా నేనే! బాబ్బాబు, చెప్పవయ్యా మేస్టారూ!"

"అదే రాసివ్వండి."

కింద ఒలికిన పచ్చడి రసంలో బుడంకాయ పుల్ల ముంచి, ఒక ఆకుతో పాటు గోడ మీదికి అందించాడు. నక్క వేలాడుతూనే రాసింది: రూపం మారినా జీవి అదే. బొద్దమ్మ హాజరు. బడిలో ఇరవై మంది.

"సింగా, నేను చదివేదాకా వదలకు" అని మేస్టారు మొదలుపెట్టాడు. "రూ... పం... పిల్లలూ, ఇది 'ప'నా, 'వ'నా?"

"'ప'నండి!"

"ఒకసారి నేనూ చూసుకుంటా. తొందరపడితే తప్పులొస్తాయి."

"తొందరగా చదవవయ్యా!" అని గోడ అవతల నుంచి కేక.

"మా... రి... నా..."

పాకలోంచి తాబేలు, "...మంతమై" అని పద్యంలో మొదటి మాట పూర్తి చేసింది.

మేస్టారు చివరి మాటకి వచ్చాడు. ఇంక "మంది" ఒక్కటే మిగిలింది. ఆ రెండక్షరాలకి ఆగి ఉంటే సరిపోయేది. నక్క ఆగలేక గుంజుకుంది. నక్క అటు పోయింది, తోక ఇటు ఉండిపోయింది.

"మంది" అన్నాడు మేస్టారు. "సరిగ్గానే ఉంది. వదిలెయ్యి సింగా."

సింగడు నోట్లో ఉన్నది కింద పెట్టాడు.

కచేరీ నక్కకి కొత్త ఉత్తర్వు ఇచ్చింది. పుట్టుమచ్చల గడిలో ఈసారి ఒకటే రాశారు: తోక జానెడు తక్కువ. అది ఏ ఎండకీ రాలలేదు. నక్క మళ్లీ ఆ బడి వైపు రాలేదు.

బొద్దమ్మ వెళుతూ వెళుతూ పెరటి కరివేపాకు చెట్టు మీద గుడ్లు పెట్టింది. బళ్లు తెరిచే వేళకి నలభై మంది కొత్తగా చేరారు. అందరిదీ తల్లి చదువే, రాసింది రాసినట్టు తినేస్తారు. పుట్టుమచ్చల గడి మాత్రం మేస్టారు ఖాళీగా వదిలేశాడు.

ఎదుటివాడిని కొలవబోయే ముందు అదే జానతో నిన్ను కొలుచుకో.

ఆ ఉగాదికి పోయినవి ఒక పచ్చడి కుండ, జానెడు నక్క తోక, ఒక కరివేపాకు చెట్టు.